వాయవ్యంలో జాయ్‌స్టిక్

ఆ శనివారం ఉదయం భరత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నార్సింగిలో మామగారింట్లో ఉగ్గాని, బజ్జీ తినడం, తాను తయారుచేసిన వీడియో గేమ్ కంట్రోలర్ నమూనా ఆయన చేతిలో పెట్టడం, "సరే" అనిపించుకుని మధ్యాహ్నానికల్లా బాలానగర్ చేరడం. ప్లాస్టిక్ అచ్చులు తయారుచేసే వర్క్‌షాప్ వాళ్ళు, ఇవాళ రాకపోతే వేరేవాళ్ళ పని ఎత్తుకుంటామని తేల్చి చెప్పేశారు. అదే జరిగితే కంట్రోలర్ దీపావళికి అంగళ్ళలోకి రాదు. హైటెక్ సిటీలో బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి దీన్నే నమ్ముకున్న భరత్, మళ్ళీ అదే గేటు ముందు బయోడేటా పట్టుకుని నిలబడాలి.

"మా నాయన సంగతి నీకు తెల్సు కదా. చూపించు, సరే అనిపించుకో, లెయ్. ఎక్కువ మాట్లాడొద్దు," అని భార్య రమ్య కారులోనే హెచ్చరించింది.

"మా మామ నాకు తెలీదా?" అన్నాడు భరత్. తెలియకేం? పుల్లయ్య అతనికి స్వయానా మేనమామ, పిల్లనిచ్చిన మామ, పైగా కంపెనీలో భాగస్థుడు. కడప నుంచి వచ్చి నార్సింగిలో ఒక వరస విల్లాలు కట్టి అమ్మి, అందులో ఒకటి తనకుంచుకున్నాడు. ఆయన దృష్టిలో లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు. వాస్తు ఉన్నవి, లేనివి.

పుల్లయ్య కంట్రోలర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమప్పా, ఈ పిడులు రెండూ ఒక వరసలో లేవే? ఎడమది పైన, కుడిది కింద. మేస్త్రీ తాగి కట్టినట్టుండాది."

"వాటిని జాయ్‌స్టిక్‌లంటారు మామా. పట్టుకుని చూడు, ఎడమ బొటనవేలు దానంతటదే పైకి పోతాది. కుడి వేలికి బొత్తాలు ముఖ్యం. అందుకే బొత్తాలు పైన, జాయ్‌స్టిక్ కింద."

"వేళ్ళ సంగతి దేవుడెరుగు. చూసేదానికి సక్కగుండొద్దా? రెండూ సమంగా కిందికి దించు."

దించాలంటే లోపలి సర్క్యూటు దగ్గర్నుంచి అన్నీ మార్చాలి. అంటే బాలానగర్ ఆశ వదులుకోవలసిందే. అయినా భరత్ కంగారు పడలేదు. తన తెలివి మీద అతనికున్న నమ్మకం, ఉన్న తెలివి కంటే కాస్త ఎక్కువే.

"ఇది వాస్తు ప్రకారం పెట్టినాము మామా," అన్నాడు తొణక్కుండా. "వాయవ్యం గాలి మూల కదా, కదిలే జాయ్‌స్టిక్ అక్కడ. ఆగ్నేయం నిప్పు మూల, బ్యాటరీ అక్కడ. ఈశాన్యంలో తేలికగా ఉండాలని ఉత్త బొత్తాలే."

రమ్య కొరకబోయిన బజ్జీని మళ్ళీ ప్లేటులో పెట్టేసింది.

పుల్లయ్య మొహం చాటంత అయింది. "అల్లుడంటే నువ్వప్పా!" అని వీపు తట్టాడు. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. ఆయన ఫోన్ తీశాడు. "మన వెంకటనారాయణ సిద్ధాంతి పక్క వీధిలోనే ఉండాడు. ఆయన నోటితో కూడా ఒక మాట అనిపిస్తే, డబ్బా మీదే అచ్చేయిద్దాం."

సిద్ధాంతి వచ్చాడు. కంట్రోలర్ మధ్యలో తన దిక్సూచి పెట్టి కళ్ళు చిట్లించాడు. ముల్లు గిర్రున తిరిగి వంటింటి వైపు ఆగింది. వేలితో కొట్టి చూశాడు. మళ్ళీ అక్కడే.

"సార్, ఉత్తరం మీ వంటింటి దిక్కున్నదేంది?"

"అది ఆగ్నేయం కదప్పా! కట్టేటప్పుడు నువ్వే చూసి చెప్తివి."

"అప్పటిది పాత దిక్సూచి సార్. ఇది నిన్ననే తెచ్చిన, కొత్తది. ఇది తప్పు జూపియ్యది." సిద్ధాంతి గొంతు తగ్గించాడు. "కుబేరుని దిక్కుల మంట వెట్టిన్రు సార్."

భరత్‌కు విషయం అర్థమైపోయింది. అరిగిపోకుండా ఉండాలని జాయ్‌స్టిక్‌ల కింద అయస్కాంతాలు పెట్టించింది అతనే. దిక్సూచి వాటి మాట వింటోంది. కానీ ఆ సంగతి చెబితే, మరి నువ్వు వాస్తు ఎట్లా చూసినావని మామ అడుగుతాడు. కాసేపు ఓపిక పడితే అదే సర్దుకుంటుందని ధీమాగా కూర్చున్నాడు.

అది సర్దుకోలేదు, సామాను కదిలింది. "అయ్యో నాయనా, ఇన్నాళ్ళూ కుబేరుడి మొగాన పొగ పెడ్తిమా!" అంటూ అత్తగారు పార్వతమ్మ కాగే నూనె దించేసింది. పొయ్యి, సిలిండరు హాల్లోకి వచ్చాయి. వాటికి చోటు చాలక సోఫా వరండాలోకి వెళ్ళింది. అది చూసి పక్క విల్లా నరేందర్ పరుగున వచ్చాడు.

"ఏంది సార్, ఇల్లు ఖాళీ జేస్తున్రా?"

సిద్ధాంతి ఉన్నదున్నట్టు చెప్పాడు. నరేందర్‌ది కూడా పుల్లయ్య కట్టిన ఇల్లే, అచ్చం ఇదే నమూనా.

"అంటే నా కుబేరుని దిక్కుల గూడ మంటనేనా? నడువున్రి, చూద్దాం!"

పెట్టిన చోటు నుంచి తీస్తే లెక్క తప్పుతుందని, కంట్రోలర్ మీద దిక్సూచి కదలకుండా, తాంబూలం పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుని సిద్ధాంతి నడిచాడు. అందరూ వెనక. నరేందర్ ఇంట్లో ఉత్తరం స్నానాలగది వైపు చూపించింది. ఆయన అటు నుంచి తిరగగానే పడగ్గదిలోకి పోయింది. ఆయన ఎటు తిరిగితే ఉత్తరం అటు తిరిగింది. సిద్ధాంతికి చెమటలు పట్టాయి.

"గీ ఇంట్ల ఉత్తరమే నిలుస్తలేదు సార్!"

"గిట్లాంటి ఇల్లా నాకమ్మింది?" అని నరేందర్ మండిపడ్డాడు. "వరసల అందరికీ చెప్త. ఇగ మీ దగ్గర ఇటుక గూడ ఎవ్వడు కొనడు."

పుల్లయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. "నా పేరు పాయెనప్పా," అన్నాడు సన్నగా. జీవితంలో ఎవరికీ తలవంచని మనిషి అలా అనేసరికి భరత్ అందరినీ తప్పించుకుని ముందుకొచ్చాడు. ఉద్యోగం వదలడం పిచ్చి పనని ఊరంతా అంటే తన వెనక నిలబడినవాడు ఈయనొక్కడే. బాలానగర్ పోతే పోయింది అనుకున్నాడు.

కంట్రోలర్ మీది దిక్సూచి తీసి దూరంగా నేల మీద పెట్టాడు. ముల్లు తిరిగి, అసలైన ఉత్తరం వైపు బుద్ధిగా ఆగింది.

"ఇండ్లు సరిగానే ఉండాయి మామా. దీంట్లో అయస్కాంతాలుండాయి, ముల్లును అవే లాగినాయి."

"మరి వాస్తు?"

"వాస్తు లేదు, ఏమీ లేదు. నువ్వు సరే అనాలని నోటికొచ్చింది చెప్పినా. బొటనవేళ్ళ మాట ఒక్కటే నిజం."

నరేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. పార్వతమ్మ పొయ్యి సర్దడానికి ఇంటికి పరుగెత్తింది. సిద్ధాంతి, కొత్త దిక్సూచులను నమ్మరాదని తీర్పు చెప్పి, దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

పుల్లయ్య తిట్టలేదు. దిక్సూచిని, కంట్రోలర్‌ను ఇంటికి తెచ్చుకుని, ఒకదాని దగ్గరికి ఒకటి జరిపాడు. దూరం పెట్టాడు. మళ్ళీ జరిపాడు.

"బాలానగర్‌కి పో," అన్నాడు చివరికి. "పిడులు నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకో."

"నిజంగానా మామా?"

"నిజమే. అయస్కాంతాలు మాత్రం ఇంకొంచెం పెద్దవి పెట్టు."

"ఎందుకు మామా?"

పుల్లయ్య లేచి తలుపు మూసి వచ్చాడు. "నల్లగండ్లలో మనవి దక్షిణం వాకిలి ఫ్లాట్లు అమ్ముడుపోకుండా ఉండాయప్పా. వచ్చినోడల్లా ముందు దిక్సూచి తీస్తాడు."

తనకు ఒక పది పీసులు వేరుగా చేయించమన్నాడు. వాటికి బొత్తాలు లేకపోయినా పరవాలేదట.