తరగని సీసా

నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. ఎందుకంటే ఆ వారం రోజులూ నేను నవ్వలేదు. పట్టపగలు, సొంత ఇంట్లో, స్నానాల గదికి గడియ వేసుకుని, ఒంటి మీద సబ్బు ఎండిపోతున్నా బయటికి రాలేక నిలబడ్డ మనిషిని నేను.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుని. లీటరని చెప్పి తొమ్మిది వందల మిల్లీలీటర్లు పోసేవాళ్ళని పట్టుకోవడం నా పని. ఇరవై రెండేళ్ళలో తగ్గిన కొలతలు వేలకొద్దీ చూశాను. పెరిగిన కొలత మాత్రం మా ఇంట్లోనే చూశాను.

అంతా నా కాలి బొటనవేలి గోరుతో వచ్చింది. పసుప్పచ్చగా మారి, దళసరెక్కి, చూడ్డానికి నాకే అసహ్యంగా తయారైంది. చర్మం డాక్టరుకి చూపించమని మా ఆవిడ ఒకటే పోరు. ఆవిడ ఆసుపత్రి మందుల గదిలో ఫార్మసిస్టు. ఇంట్లో కూడా ఆవిడ చెప్పిందే వింటే ఇక నా పెద్దరికం ఏం కావాలి? నేరుగా అత్తరు కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టాయన్ని మా వీధిలో సర్వరోగహరుడంటారు.

చిటికెన వేలంత గోధుమరంగు సీసా నా చేతిలో పెట్టాడు. "ఒరెగానో నూనె సార్. పిజ్జా మీద చల్లుతారే, ఆ ఆకులోంచి తీసిన సారం. రాస్తే గోరు బాగవుతుంది, తాగితే దగ్గు పోతుంది, వాసన చూస్తే జలుబు పరుగెడుతుంది."

ఇంటికొచ్చి గోరు చుట్టూ ఒక్క చుక్క వేశాను. ఒక్కటంటే ఒక్కటే. నిప్పు తొక్కినట్టు ఎగిరి, కుంటుకుంటూ పోయి కాలు కుళాయి కింద పెట్టాను. మంట తగ్గకపోగా పక్క వేలికి కూడా పాకింది.

మా ఆవిడ పరుగున వచ్చింది. "నూనె నీళ్ళకి లొంగుతుందటండీ?" అంటూ కొబ్బరినూనెలో ముంచిన దూదితో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడిగింది. అప్పటికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక మొదలుపెట్టింది.

"ఇది నేరుగా రాసుకునేది కాదు. చెంచాడు కొబ్బరినూనెలో ఒక్క చుక్క కలపాలి. అది కూడా ముందు మోచేతి మడతలో కాస్త రాసి, ఒక రోజు ఆగి చూడాలి. ఎర్రబడితే మానెయ్యాలి."

"చెంచాడుకి ఒక్క చుక్కా? అంత కల్తీ చేసినవాళ్ళ మీద నేను కేసు రాస్తాను తెలుసా!"

"రాసుకోండి. కంట్లో, ముక్కులో, పుండు మీద మాత్రం పడనివ్వకండి."

"క్రిముల్ని చంపుతుందటగా మరి?"

"గాజు పళ్ళెంలో పెంచిన క్రిముల్ని చంపిందని ప్రయోగాలున్నాయి. మీరు గాజు పళ్ళెమా? మనుషుల మీద రుజువులు ఇంకా తక్కువే." అంతవరకూ వెటకారం చేసిన మనిషి ఉన్నట్టుండి చేతిలో సబ్బు పక్కన పెట్టేసింది. "గుండెలో స్టెంటు వేసి ఇంకా ఏడాది కాలేదు. రక్తం పలచబడడానికి రోజూ మాత్ర వేసుకుంటున్నారు. ఈ నూనె కడుపులోకి పోయి ఆ మాత్రతో కలిసిందంటే రక్తం కారడం మొదలై ఆగకపోవచ్చు. తాగనని నా మీద ఒట్టెయ్యండి."

ఒట్టేశాను. పక్కగదిలో మంచం మీదున్న మా అత్తయ్య, అంటే మా ఆవిడ వాళ్ళమ్మ, కూడా ఆ ఒట్టు విన్నారు. ఆవిడ తుంటి ఎముక విరిగి మూడు నెలలైంది. ఆపరేషను బాగానే జరిగింది, నడవమనే డాక్టరు చెప్పాడు. కానీ ఆవిడ నేల మీద పాదం మోపితే ఒట్టు. "మళ్ళీ పడ్డానంటే ఇక లేవను" అని గోడవైపు తిరిగి పడుకునేవారు. బతిమాలి బతిమాలి మా ఆవిడ కళ్ళు వాచిపోయాయి.

తాగనని ఒట్టేశాను గానీ, చుక్కలు లెక్కపెట్టి రాసుకుంటానని నేనెక్కడా అనలేదు. ఆ వారం మా ఆవిడకి మధ్యాహ్నం డ్యూటీ. నాలుగింటికి ఆఫీసు నుంచి రాగానే అత్తయ్యకి టీ ఇచ్చి, హాల్లో అద్దం కింది అరలోంచి సీసా తీసి, గోరు మీద పది చుక్కలు ఒంపాను. మంట మండుతోంది, కానీ మొదటి చుక్కప్పుడంత లేదు. ఒళ్ళు అలవాటు పడుతోందని మురిసిపోయాను. తర్వాత సీసాని వెలుగుకి ఎత్తి పట్టి, నూనె ఉన్నంత మేరకి దానికి అంటించిన చీటీ మీద పెన్సిలుతో సన్నగా గీత గీశాను. వృత్తి అలవాటు, మానలేను.

మర్నాడు చూస్తే నూనె గీత దగ్గరే ఉంది. బాగానే ఉంది. మళ్ళీ పది చుక్కలు వాడి, కింద ఇంకో గీత గీసి, స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నూనె పై గీత దగ్గరికి వచ్చి ఉంది.

కళ్ళు నులుముకున్నాను. కళ్ళజోడు తుడుచుకున్నాను. కిటికీ దగ్గరికెళ్ళి చూశాను, దీపం వేసి చూశాను. కొలతలో తప్పు లేదు. ఇంట్లో నేనున్నాను, లేవలేని మనిషి ఒకరున్నారు. వీధి తలుపుకి లోపల గొళ్ళెం వేసే ఉంది.

మూడో రోజు నూనె నా మొదటి గీతని కూడా దాటింది.

నాలుగో రోజు స్నానం చేస్తుంటే హాల్లోంచి చప్పుడు వినిపించింది. స్‌ర్‌ర్... టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ స్‌ర్‌ర్... టక్. ఎవరో దేన్నో ఈడుస్తూ, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఈడుస్తున్నట్టుంది. ఆ ఊపిరి కూడా నాకు వినిపించింది.

"ఎవరదీ?" అని గట్టిగా అరుద్దామనుకున్నాను. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. అప్పుడు ధైర్యంగా రెండో గడియ కూడా వేసుకున్నాను.

చప్పుడాగిన చాలాసేపటికి బయటికొచ్చాను. హాలు ఖాళీగా ఉంది. సాయంత్రపు ఎండ నేల మీద పలకలా పడి ఉంది. వంటింట్లో ఉండాల్సిన ముక్కాలిపీట అద్దం ముందుంది. సీసా మెడదాకా నిండి ఉంది. ఒరెగానో ఘాటు హాల్లోనే కాదు, అత్తయ్య గది గుమ్మం దాకా పాకి ఉంది. తొంగి చూస్తే ఆవిడ గోడవైపు తిరిగి నిద్రపోతున్నారు. పాపం, ఇంట్లో ఏం తిరుగుతోందో తెలియని అమాయకురాలనుకుని దుప్పటి కప్పాను.

పక్క వాటా పిన్నిగారిని మాటవరసకన్నట్టు అడిగాను, మాకు ముందు ఈ ఇంట్లో ఎవరుండేవారని.

"ఒక పెద్దాయన ఉండేవాడు బాబూ. ఎప్పుడూ ఏవో నూనెలు రాసుకుంటూ ఉండేవాడు. ఒకరోజు ఆ హాల్లోనే..." అని ఆగిపోయారావిడ.

"హాల్లోనే ఏమైంది పిన్నిగారూ?"

"ఎందుకులే, గుండె జబ్బు మనిషివి" అని తలుపేసుకున్నారు.

మా ఆవిడకి చెబుదామంటే పది చుక్కల సంగతి బయటపడుతుంది. దయ్యానికి భయపడాలా, పెళ్ళానికి భయపడాలా? రెండోదాంతో పదిహేడేళ్ళ అనుభవం ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను.

ఐదో రోజు సీసా తీస్తే, చీటీ మీద నా గీతల పక్కన వంకర టింకర అక్షరాలు కనిపించాయి. చెయ్యి వణుకుతూ రాసినట్టున్నాయి. ఒకటే మాట. 'వద్దు.'

చటుక్కున తల ఎత్తాను. అద్దంలోకి చూశాను. నా మొహం వెనక ఖాళీ హాలు, ఆ పీట కనిపించాయి. ఇంకెవరూ లేరు. ఎవరూ లేకపోవడం అంత భయంకరంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

దీనికి తోడు దగ్గు పట్టుకుంది. రెండు రోజులైనా తగ్గలేదు. ఈ దగ్గు చూసి మళ్ళీ గుండె అనుకుంటారేమో, మళ్ళీ ఆ తెల్ల మంచం మీద పడేస్తారేమోనని లోపల బెంగ మొదలైంది. నిజం చెప్పాలంటే దయ్యం కంటే ఆ మంచమంటేనే నాకు భయం. అప్పుడు నా బుర్రకి ఒక ఆలోచన తట్టింది. చచ్చినవాడు కూడా వదలక కాపలా కాస్తున్నాడంటే ఈ నూనెలో ఎంత మహిమ ఉండాలి!

ఆరో రోజు మా ఆవిడకి సెలవు. ఆవిడ డాబా మీద బట్టలు తీస్తోంది. నేను చెంచాలో పది చుక్కలు వేశాను. ఒట్టు గుర్తుకొచ్చి చెయ్యి ఆగింది. దగ్గు రాగానే చెయ్యి మళ్ళీ కదిలింది. చెంచా పెదవులదాకా వచ్చింది.

"వద్దూ..."

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. బొంగురుగా, ఆయాసంగా ఉంది. చెంచా ఎటు పోయిందో నాకు తెలియదు. నా కేక మాత్రం డాబా మీదికి చేరింది.

మా ఆవిడ మెట్లన్నీ దిగి వచ్చేసరికి నేను అద్దానికి వీపానించి కూలబడి ఉన్నాను. అడక్కుండానే అన్నీ కక్కేశాను. పది చుక్కలు, గీతలు, పీట, వద్దు, చెంచా. చెంచా అనగానే ఆవిడ మొహం ఎర్రబడింది.

"నా మీద వేసిన ఒట్టు అంత చవకా మీకు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత ముక్కు చీది, "మీ సంగతి నాకు తెలియదనా? మీరు ఒట్టేసిన రోజే ఆ సీసా ఖాళీ చేసి కడిగేశాను. కొబ్బరినూనె పోసి, వాసన కోసం ఒక్క చుక్క ఉంచాను. ఇన్నాళ్ళూ మీరు రాసుకుంది అదే" అంది.

"మరి మండిందే!"

"మండింది మీ బుర్రలో."

సిగ్గుతో తల దించుకున్నాను. కొబ్బరినూనెకి వారం రోజులు పళ్ళు బిగబట్టిన మగాణ్ణి. "సరే, నువ్వే గెలిచావు. రోజూ నింపి, వద్దని రాసి నన్ను హడలగొట్టాలా?"

ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది. "నింపడమేమిటి? ఆ రోజు తర్వాత నేనది ముట్టుకోలేదు."

ఇద్దరం సీసా వైపు చూశాం. ఆవిడ మెల్లగా నా చెయ్యి పట్టుకుంది.

స్‌ర్‌ర్... టక్.

గుమ్మం తెర కదిలింది. ముందు ముక్కాలిపీట లోపలికి వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వంగి, చెమటలు కక్కుతూ మా అత్తయ్య వచ్చారు. నడుముకి కొబ్బరినూనె సీసా దోపుకుని ఉంది.

"అమ్మా!" అంది మా ఆవిడ.

"ఏం చెయ్యనే? నువ్వేమో డ్యూటీకి పోతావు" అన్నారు అత్తయ్య ఆయాసపడుతూ. "ఈయన చెప్పిన మాట వినే రకం కాదు. నీ మంగళసూత్రం మీదకొస్తుంటే గోడ చూస్తూ పడుకోనా? ఆ ఘాటు నూనెని కొబ్బరినూనెలో కలిపితేనే రాసుకోవచ్చని నువ్వే అన్నావుగా. ఈయన స్నానానికి పోయినప్పుడల్లా, నాకు అన్నం పెట్టి నువ్వు నా గదిలో మరిచిపోయిన ఈ పీట ఈడ్చుకుంటూ వచ్చి కలిపాను, వద్దని రాశాను. మొన్న పీట ఇక్కడే వదిలేసి గోడ పట్టుకుని పోయాను, నిన్న ఒకసారి పడబోయాను కూడా."

మా ఆవిడ వాళ్ళమ్మని వాటేసుకుని ఏడుస్తూ నవ్వింది. నేను కూర్చున్నచోటే చేతులు జోడించాను. "అత్తయ్యా, క్షమించండి. ఆ సీసా ఇప్పుడే పారేస్తాను."

"పారేస్తే ఇక నాకు లేచే పనేముంది? హాయిగా పడుకుంటాను" అన్నారావిడ నిశ్చింతగా.

నేను అందుకోబోయిన సీసాని మా ఆవిడ ముందే లాక్కుంది.

గోరు ఇప్పుడు చర్మం డాక్టరు చూస్తున్నాడు. దగ్గు వట్టి జలుబేనట. ఇక నా ఉద్యోగం సంగతి. రోజూ సాయంత్రం ఐదింటికి నేను చెంచా పట్టుకుని, ఆ కొబ్బరినూనె తాగబోతున్నట్టు నిలబడాలి. అత్తయ్య లేచి, తిట్టుకుంటూ నడిచి వచ్చి, నా చేతిలోంచి లాక్కోవాలి. ఇదంతా నాటకమని ఆవిడకీ తెలుసు, అయినా నన్ను నమ్మలేనంటారు. మా ఆవిడ రోజూ నన్ను రెండడుగులు దూరంగా జరుపుతుంది. టేపుతో కొలిచేది మాత్రం నేనే.

నిన్న నన్ను వీధి అరుగు మీద నిలబెట్టింది. అత్తయ్య పీట లేకుండానే వచ్చారు.