పిస్టల్ ధర ఇంకా తగ్గుతుంది

టర్కీ క్రీక్ కౌంటీ చరిత్రలో ఇంతటి ముందుచూపున్న నాయకుడు పుట్టలేదని, ఇకముందు పుట్టే అవకాశం కూడా తక్కువేనని, కౌంటీ బోర్డు ఛైర్మన్ డెల్మర్ క్రౌస్ గారు జనవరి మొదటి సోమవారం ప్రెస్‌మీట్ పెట్టి స్వయంగా ప్రకటించారు. ప్రెస్ తరఫున ఒక్కావిడే వచ్చింది. ఆమెకు రెండు కప్పుల కాఫీ ఇచ్చారు.

సంగతేమిటంటే, నవంబర్ ఎన్నికల్లో తుపాకుల మీద ఆంక్షలు పెడతామన్న పార్టీ ఓడిపోయింది. పెట్టబోమన్న పార్టీ గెలిచింది. ఎక్కడ ఆంక్షలొస్తాయోనన్న భయంతో రెండేళ్లుగా ఎగబడి కొన్న జనం, ఆ భయం పోగానే కొనడం మానేశారు. ఆరు వందల డాలర్ల పిస్టల్ ఐదు వందలకు దిగింది. క్రిస్మస్ దాటాక నాలుగు వందల యాభైకి వచ్చింది.

షెరిఫ్ ఆఫీసులో ఐదుగురు డెప్యూటీలున్నారు. వాళ్ల పిస్టళ్లు పాతబడ్డాయని, కొత్తవి కొనాలని బోర్డు ఎప్పుడో తీర్మానించింది. షెరిఫ్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాడు కాబట్టి, ఎప్పుడు కొనాలన్న మహాభారం ఛైర్మన్ గారి భుజాల మీద పడింది.

"ధర తగ్గుతున్నప్పుడు కొనేవాడు తెలివితక్కువవాడు," అన్నారు ఛైర్మన్ గారు. "ధర తగ్గుతుంటే అమ్మకుండా కూర్చునేవాడు అంతకన్నా తెలివితక్కువవాడు. అందుకని పాతవి ఇవాళే అమ్మేస్తున్నాం. కార్లలో ఉన్న పొడుగు తుపాకులతో సహా. కొత్తవి, ధర అడుక్కి దిగాక కొంటాం."

"అడుగు ఎప్పుడొస్తుంది సార్?" అంది విలేఖరి.

"వచ్చినప్పుడు నేను చెబుతాను."

వెనక వరసలో గోడకానుకుని నిలబడ్డ డెప్యూటీ అర్లీన్ వోస్ చెయ్యెత్తింది. మీటింగుల్లో ఆమె చెయ్యెత్తడం తొమ్మిదేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

"ఈలోపు మేం నడుముకి ఏం పెట్టుకోవాలి సార్?"

"ధైర్యం పెట్టుకోండమ్మా," అన్నారు ఛైర్మన్ గారు. "దానికి బడ్జెట్ అక్కర్లేదు."

మర్నాడు పత్రికలో అదే హెడ్డింగ్.

అర్లీన్ ఊరికే అడగలేదు. ఆమె బల్ల సొరుగులో ఒక కోర్టు కాగితం ఉంది. దాన్ని వర్జిల్ హ్యాచ్ అనే రైతు చేతికివ్వాలి. అతని ఎద్దు రోజూ కంచె దాటి పక్కవాళ్ల గడ్డి మేస్తోందని కేసు. కాగితం చిన్నదే, వర్జిలే చిన్నవాడు కాదు. ఆరేళ్ల క్రితం ఇలాగే కాగితం పట్టుకెళ్లిన డెప్యూటీ కారు పక్క అద్దాన్ని వంద గజాల దూరం నుంచి పేల్చాడు. ఆ డెప్యూటీ ఇప్పుడు వేరే రాష్ట్రంలో పరుపులు అమ్ముకుంటున్నాడు. కౌంటీలో ఎవరిని అడిగినా వర్జిల్ ఇంట్లో పద్నాలుగు తుపాకులున్నాయని చెబుతారు.

కాగితమిచ్చిన రోజున జడ్జి గారు చెప్పింది కూడా క్లుప్తంగానే ఉంది. "ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిలోగా ఇది అతని చేతిలో పడాలి. లేదా నీ బ్యాడ్జి నా బల్ల మీద పడాలి."

అర్లీన్ ఛైర్మన్ గారి గదికి వెళ్లింది. ఆయన గోడకి అంటించిన గ్రాఫు కాగితం మీద ఎర్రపెన్సిల్‌తో గీత గీస్తున్నారు. గీత కిందకి పోతోంది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సార్, ఒక్కటి కొనండి చాలు. వర్జిల్ ఇంటికెళ్లొచ్చి మళ్లీ ఇచ్చేస్తా."

"ఇవాళ నాలుగు వందల ముప్పై. శుక్రవారానికి నాలుగు వందల పదికి వస్తుంది. నీ ఒక్కదాని తొందర కోసం పన్ను కట్టేవాళ్లని ముంచమంటావా?"

"పోనీ, మా నాన్న రివాల్వర్ ఇంట్లో ఉంది. అది పెట్టుకెళ్లనా?"

"సొంత తుపాకీతో డ్యూటీ చేస్తే ఇన్సూరెన్స్ ఒప్పుకోదమ్మా."

"తుపాకీ లేకుండా చేస్తే ఒప్పుకుంటుందా?"

ఛైర్మన్ గారు ఇన్సూరెన్స్ కాగితాలు తెప్పించి పది నిమిషాలు చదివారు. "దాని గురించి ఏమీ రాయలేదు," అన్నారు. "అంటే అభ్యంతరం లేదన్నమాట."

"మరి మీ నడుముకున్న పిస్టల్ సంగతేంటి, సార్?"

ఆయన బెల్టు మీద చెయ్యి వేసుకున్నారు. "ఇది మా తాతగారిది. సెంటిమెంట్‌కి మార్కెట్ రేటుండదు."

జనవరి చివర్లో ఒక సమస్య వచ్చింది. డెప్యూటీల తోలు ఒరలు ఖాళీగా అణిగిపోయి కనిపిస్తున్నాయేమని, కిరాణా కొట్టులో ఒక ముసలావిడ అడగనే అడిగింది. ఛైర్మన్ గారు వెంటనే సర్క్యులర్ జారీ చేశారు. ప్రజల్లో భద్రతాభావం నింపడానికి ఒరలను తగిన వస్తువుతో నింపుకోవలెను. ఒకతను కళ్లజోడు పెట్టె పెట్టుకున్నాడు. ఒకతను ఉన్ని మేజోళ్లు కుక్కుకున్నాడు. అర్లీన్ ఎండిన మొక్కజొన్న కండె పెట్టుకుంది. ఛైర్మన్ గారు ఐదుగురినీ వరసలో నిలబెట్టి తనిఖీ చేసి, కండె మరీ లావుగా ఉందనీ, జనం భయపడిపోతారనీ, కొంచెం చెక్కమన్నారు.

ఇంత దూరదృష్టిని ఒక్క ఆఫీసుకే పరిమితం చేయడం అన్యాయమని ఛైర్మన్ గారికే తోచింది. ప్రతి గురువారం మధ్యాహ్నం లోకల్ రేడియోలో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ వేళకి కేఫ్‌లో జనం చిల్లీ అనే కారపు మాంసం కూరలో దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె ముంచుకు తింటూ చెవులు రిక్కించేవారు.

"మీ ఇంట్లో తుపాకీ ఉందా? అయితే నిన్నటి కంటే ఇవాళ మీరు పేదవాళ్లు," అనేవారు ఆయన. "అమ్మేయండి. ఆగండి. నేను చెప్పాక కొనండి."

జనం అమ్మేశారు. అందరూ అమ్మేసరికి ధర ఇంకా పడింది. ధర పడేసరికి ఛైర్మన్ గారు చెప్పినట్టే జరిగిందని మిగిలినవాళ్లూ అమ్మేశారు. గ్రాఫులో గీత కాగితం చివరికి వచ్చేస్తే కింద ఇంకో కాగితం అతికించారు.

ఫిబ్రవరి మూడో వారంలో అర్లీన్ తుపాకుల కొట్టుకి వెళ్లింది. కొట్టతను ఓటిస్ ఫెన్స్కీ బల్లమీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. అతని వెనక పాత తుపాకులు కట్టెలమోపుల్లా కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"ఏందమ్మా, నువ్వు కూడా అమ్మటానికేనా?"

"అమ్మటానికి నా దగ్గరేముందయ్యా. మావన్నీ నీ దగ్గరే ఉన్నయ్."

"కొనేవాడు ఒక్కడు రాలేదు ఈ నెల్లో. ఆ ఆంక్షల పార్టీ ఓడిపోవాలని నేనే చందాలిచ్చా, చూడు నా తెలివి. వాళ్లు గెలిచుంటే ఈపాటికి కొట్టు ఖాళీ అయ్యేది."

"మా పాతవాటిల్లో ఒకటి అద్దెకియ్యవా? ఒక్క పూట."

"లైసెన్సు ఊడిపోద్దమ్మా. కొంటే ఇస్తా. రెండొందల ఎనభై."

అర్లీన్ పర్సు తీసింది. ఓటిస్ కూడా బిల్లు పుస్తకం తీశాడు. అప్పుడు ఆమెకు ఇన్సూరెన్స్ గుర్తొచ్చింది. సొంతానికి కొన్నా అది సొంత తుపాకీయే. పర్సు మూసేసింది.

"నువ్వూ ఆగుతున్నావా?" అన్నాడు ఓటిస్ నీరసంగా. "ఆగు, ఆగు. ఊరంతా ఆగుతానే ఉంది."

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది గురువారం. పొద్దున్నే అర్లీన్ కాగితం జేబులో పెట్టుకుంది. ఒరలోంచి మొక్కజొన్న కండె తీసి బల్లమీద పెట్టేసింది. వర్జిల్ హ్యాచ్ లాంటివాడి ముందు తుపాకీ ఉన్నట్టు నటించడం కంటే లేదని చెప్పడమే కాస్త తక్కువ ప్రమాదమని ఆమె రాత్రంతా ఆలోచించి తేల్చుకుంది. తల్లికి ఫోన్ చేసి పిల్లికి తిండి పెట్టమంది. ఎందుకని అడిగితే, ఊరికే అంది.

హ్యాచ్ గేటు దగ్గర మంచు గడ్డకట్టి ఉంది. కారు దిగి నడుస్తుంటే ఆమె బూట్ల చప్పుడు ఆమెకే పెద్దగా వినిపించింది. తలుపు తెరుచుకుంది. వర్జిల్ పొడుగాటి కోటులో బయటికొచ్చాడు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. జేబు ముందుకి పొడుచుకొచ్చింది.

"ఎవత్తివే నువ్వు?"

"డెప్యూటీ అర్లీన్ వోస్. కోర్టు కాగితం తెచ్చా."

"ఆడనే ఆగు. ఇంకొక్క అడుగేస్తే ఏమైద్దో తెలుసుగా?"

"తెలుసు." ఆమె ఒర మూత విప్పి, అతనికి కనబడేలా పక్కకి తిరిగింది. "చూడు పెద్దాయనా. ఇందులో ఏం లేదు. కార్లో కూడా లేదు. మా ఆఫీసులోనే లేవు. ధర తగ్గిందాకా కొనొద్దన్నారు. ఇవాళ ఇది నీకివ్వకపోతే నా ఉద్యోగం పోద్ది. కాల్చదలుచుకుంటే కాల్చు, నేను మాత్రం నడుచుకుంటా వస్తున్నా."

నడిచింది. మెట్ల దాకా వచ్చింది. వర్జిల్ ఆ ఒరలోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మెల్లగా కోటు జేబులోంచి చెయ్యి తీశాడు. చేతిలో టార్చిలైటు ఉంది.

ఇద్దరూ కాసేపు కంచె అవతల నిలబడ్డ ఎద్దుకేసి చూశారు.

"పద్నాలుగూ అమ్మేశావా?" అంది అర్లీన్.

"ఒకే రోజు."

"ఒక్కటన్నా ఉంచుకోవాల్సింది."

"ఉంచుకుంటే గురువారం గురువారం దాని రేటు పడిపోతా ఉంటే చూస్తా కూచోమంటావా? అడుక్కి దిగాక ఇరవై ఎనిమిది కొందామని ప్లాను." వర్జిల్ కాగితం తీసుకుని, ఆమె పెన్నుతోనే సంతకం పెట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు, "ఈ సంగతి ఊళ్లో చెప్పమాక. మా పక్కోడికి తెలిస్తే నా ఎద్దుకి విలువుండదు."

"చెప్పనులే."

"నీది కూడా నేను చెప్పను."

అర్లీన్ తిరిగొచ్చేసరికి ఛైర్మన్ గారి గదిలో విలేఖరి రెండో కప్పు కాఫీ తాగుతోంది. ఛైర్మన్ గారు లేచి నిలబడి సంతకమున్న రసీదు అందుకున్నారు.

"వర్జిల్ హ్యాచ్‌కే ఇచ్చావా? ముఖాముఖీ?"

"అవును సార్."

"అతని దగ్గర ఆయుధబలం ఎంతుందమ్మా?"

అర్లీన్ మాట ఇచ్చి వచ్చింది. అబద్ధం చెప్పడం కూడా ఆమెకు చేతకాదు. కిటికీలోంచి పార్కింగులో తన కారుని చూసింది. పక్క అద్దాలు రెండూ ఉన్నాయి.

"మనకెంతుందో అంతే సార్."

ఛైర్మన్ గారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత విలేఖరి వైపు తిరిగారు.

"రాసుకోండమ్మా," అన్నారు. "ఆరేళ్లలో మొదటిసారి వర్జిల్ హ్యాచ్‌తో సమానంగా నిలబడ్డాం. అదీ, ఒక్క డాలరు ఖర్చు పెట్టకుండా."