టాఫీ పథ్యం

ఆ ఆదివారం పొద్దున్న వెంకటరావు వేసుకున్న పథకం చిన్నదే. టాఫీని చంకన పెట్టుకుని పార్సిల్ ఆఫీసుకు వెళ్ళడం, కాటా మీద నిలబెట్టడం, తగ్గిన బరువు చూసుకుని మురిసిపోవడం, ఇంటికొచ్చి చిట్టెమ్మ చేతి ఉప్మా తినడం. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీ మొత్తంలో ఇంతకంటే సులువైన పని మరొకటి లేదనుకున్నాడు.

టాఫీ అతని కుక్క కాదు. రైల్వే డాక్టరు జ్ఞానప్రకాశంగారి భార్య ఎమిలీ దొరసాని దాన్ని కన్నబిడ్డలా పెంచుకుంటోంది. గజం పొడవు, జానెడు ఎత్తు, ఉన్నాయో లేవో తెలియని కాళ్ళు. నడిస్తే పొట్ట నేలకు రాసుకునేది. డాక్టరు దంపతులు నెల రోజులు మద్రాసు వెళుతూ దాన్ని ఎవరికి అప్పగించాలా అని చూస్తుంటే, పార్సిల్ క్లర్కు వెంకటరావు, "నానున్నాను కదండీ సార్!" అంటూ ముందుకు దూకాడు. ఊరికే దూకలేదు. గార్డు పోస్టుకి అతని పేరు వచ్చింది. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే. తిరిగొచ్చాక ఆ పరీక్ష చేసేది ఈ డాక్టరుగారే! తెల్ల యూనిఫాం, చేతిలో పచ్చజెండా, నోట్లో విజిలు అతనికి కలలో కూడా కనిపిస్తున్నాయి.

వెళ్ళేముందు డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

"చూడు వెంకటరావ్, ఇది చిన్న కుక్క. నువ్వు సరదాగా పడేసే ఒక్క బిస్కట్టు దీనికి పూట భోజనం. ఇంత పొడుగు నడుము అంత పొట్టని మోయలేదు. ఇంకా లావెక్కితే వెన్ను దెబ్బతిని కాళ్ళు పడిపోతాయి. ఉడికించిన మాంసం కొంచెం, బీన్సు, పిడికెడు అన్నం. తీపి వద్దు, వేపుడు వద్దు, కంచంలోంచి ముద్ద అసలే వద్దు. రెండు పూటలా నడిపించు."

"ఠీక్ హై సార్! తమరొచ్చీసరికి సన్నజాజి తీగలాగ సేసీస్తాను!" అన్నాడు వెంకటరావు గుండె మీద చెయ్యి వేసుకుని.

అందుకే ఆ ఆదివారం అంత హుషారు. కాటా దగ్గర ఉండే హమాలీ దేముడు టాఫీని ఎక్కించాడు, ముల్లు చూశాడు, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"ఏటి బావూ, ఇది వొచ్చినప్పటికన్నా పెరిగినాది!"

"నీ కాటా తప్పురా!" అని వెంకటరావు స్వయంగా ఎక్కి చూసుకున్నాడు. తన బరువు ఎప్పటిలాగే ఉంది. కాటాలో తప్పు లేదు.

ఇంటికి రాగానే పిడికెడు అన్నం అరపిడికెడయింది. మాంసం తునకలు గోరంత అయ్యాయి. పొద్దున్నా సాయంత్రం వర్క్‌షాపు రోడ్డు మీద కుక్క ముందు, వెంకటరావు వెనక. కాలనీ అంతా అరుగుల మీదికొచ్చి చూసింది. మళ్ళీ కాటా ఎక్కిస్తే, ఆశ్చర్యం! ఇంకా పెరిగింది! తిండి తగ్గించినకొద్దీ లావెక్కే జీవాన్ని సృష్టిలో అతను ఇదే చూడడం.

"గాలి తిని పెరుగుతున్నాదేటే ఇది?" అన్నాడు భార్యతో.

"గాలో, మరేటో, ఓ పాలి కాసి సూడండి," అంది చిట్టెమ్మ.

మర్నాడు సెలవు పెట్టి, దొడ్లో బొగ్గుల కొట్టు వెనక నక్కి కూర్చున్నాడు. టాఫీ కంచె దగ్గరికి వెళ్ళి, ముందుకాళ్ళు చాపి, లోకంలోని దుఃఖమంతా ముఖాన పులుముకుంది. ముందుగా పెద్ద గుమాస్తా రామనాథంగారి భార్య నాగవల్లి వచ్చి గిన్నెడు పెరుగన్నం పెట్టింది. తరవాత టీకొట్టు తవిటయ్య రసగుల్లా జారవిడిచి వెళ్ళాడు. ఆ వెనకే పక్కింటి ఫిట్టరు ఎర్రయ్య భార్య జోగమ్మ, కొంగు చాటున వేపిన చేపతో!

వెంకటరావు ఆగలేకపోయాడు. "ఏటప్పా ఇది!" అంటూ బయటికి ఉరికాడు.

జోగమ్మ బెదరలేదు సరికదా, ఎదురు తిరిగింది. "నువ్వు సేస్తున్నదేటి ముందు అది సెప్పు! అరపిడికెడు మెతుకులెట్టి నోరులేని జీవాన్ని మాడ్సి సంపుతున్నావు! సూడు, నీరసానికి పొట్ట నేలకి జారిపోనాది!"

"అది నీరసం కాదప్పా, కొవ్వు!"

"నీకున్నాది కొవ్వు! కాలనీ అంతా అదే అంతన్నారు!"

అప్పటికి విషయం బోధపడింది. తను తిండి తగ్గించినకొద్దీ కాలనీకి జాలి పెరుగుతోంది. ఆ జాలి ఎర్రజెండా ఊపినా ఆగేది కాదు. డాక్టరుగారు వచ్చే రోజు దగ్గర పడుతోంది, టాఫీ కాళ్ళు, తన ఉద్యోగం రెండూ పడిపోయేలా ఉన్నాయి. వెంకటరావు అరుగు మీద కూలబడ్డాడు.

ఉపాయం చెప్పింది చిట్టెమ్మే. "దానికి మనం బాగా తిండెడుతున్నట్టు అందరికీ కనపడాల. అంతే కదేటండీ?"

ఆ సాయంత్రం వెంకటరావు పెద్ద పళ్ళెం నిండా మాంసం కూర, అన్నం, పైన నెయ్యి వేసుకుని వరండాలో నిలబడ్డాడు. "టాఫీ! రా నాయినా! కడుపు నిండా తిను!" అని నాలుగు వీధులకూ వినిపించేలా కేకవేసి, దాన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాడు. లోపల టాఫీకి పిడికెడు అన్నం, బీన్సు.

"మరి పళ్ళెంనిండా ఉన్న ఈ అన్నమేటి సేస్తాం?"

"అన్నం పరబ్రహ్మ స్వరూపమండీ. పారెయ్యకూడదు," అంది చిట్టెమ్మ.

వెంకటరావు ఒక్క మెతుకు పారెయ్యలేదు. రోజుకు రెండు పూటలా పరబ్రహ్మాన్ని గౌరవించాడు. ఈలోగా కాలనీ జాలి కాస్తా ఈర్ష్యగా మారింది. "మన పిల్లలకి లేని నెయ్యి కుక్కకేటి!" అని జోగమ్మ చేప మానేసింది. పెరుగన్నం ఆగింది, రసగుల్లా ఆగింది. టాఫీ పొట్ట నేలను విడిచి పైకి లేచింది! ఇదివరకు అరుగు ఎక్కలేనిది ఇప్పుడు గెంతుతోంది! వెంకటరావుకు ఆనందంతో ఊపిరాడలేదు. చొక్కా గుండీలు కూడా పట్టడం లేదు గానీ, ఆ సంబరంలో ఎవరు పట్టించుకుంటారు?

డాక్టరుగారు వచ్చారు. టాఫీ పరుగున వెళ్ళి ఎమిలీ దొరసాని ఒళ్ళోకి గెంతింది. ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. డాక్టరుగారు వెంకటరావు చెయ్యి పట్టి ఊపేశారు.

"అద్భుతమయ్యా! నా వల్ల కానిది నువ్వు చేశావు! రా, నీ మెడికల్ కూడా ఇప్పుడే కానిచ్చేద్దాం. నా గదిలో కాటా ఉంది, ఎక్కు."

వెంకటరావు ఎక్కాడు. డాక్టరుగారు ముల్లు చూశారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"గార్డన్నవాడు కదిలే బండి ఎక్కాలయ్యా. నువ్వు ఎక్కితే బండి కదలదు!"

"సార్, అది... కుక్క కోసమండీ..."

"నెల రోజులు గడువిస్తున్నాను. ఉడికించినవి, బీన్సు, పిడికెడు అన్నం. రెండు పూటలా నడక. టాఫీని కూడా తీసుకెళ్ళు, దారి దానికి తెలుసు."

మర్నాడు సాయంత్రానికి కబురు కాలనీ అంతా పాకింది. బీన్సు తిని, కడుపు మాడి, వెంకటరావు దొడ్లో దిగులుగా కూర్చున్నాడు. కంచె అవతల జోగమ్మ గొంతు గుసగుసలాడింది.

"బావూ! సిట్టెమ్మ నిన్ను మాడ్సి సంపుతున్నాదంట కదా! ఇదిగో, వేపిన సేప. ఎవులికీ సెప్పకు."

ఆమె వెనక నాగవల్లి పెరుగన్నం గిన్నెతో నిలబడి ఉంది. వెంకటరావు పచ్చజెండాను తలుచుకున్నాడు, విజిలును తలుచుకున్నాడు, అటూ ఇటూ చూసి కంచె దగ్గరికి నడిచాడు.

తోక ఒక్కటే తక్కువ.