జెండా రంగు కొండచిలువ

యాప్రాల్ ప్రజల చిరకాల స్వప్నం నెరవేరిందని ప్రజాజ్వాల పార్టీ డివిజన్ అధ్యక్షుడు విజయేందర్ ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించాడు. యాప్రాల్ ప్రజలు అప్పటిదాకా తమ స్వప్నం డ్రైనేజీ అనుకుంటున్నారు. అది కాదని, పాపువా న్యూగినీ కొండచిలువ అని ఆ రోజే వాళ్లకి తెలిసింది.

విజయేందర్ గాజు పెట్టె మూత తీసి, మూరెడు పామును మణికట్టుకు చుట్టుకుని కెమెరాలకు చూపించాడు.

"అన్నా, కొండచిలువ అంటివి. గింతే ఉందేందీ?" అన్నాడు విలేకరి శాంతికుమార్.

"మామూలు కొండచిలువ కాదు తమ్మీ. రింగ్డ్ పైథాన్. బిస్మార్క్ దీవులల్ల తప్ప యాడ పుట్టది. పర్మిషన్ కాయితాలు సుత ఉన్నయ్. జెర రంగు జూడు."

అందరూ చూశారు. నిగనిగలాడే నారింజ ఒంటి మీద నల్లటి పట్టీలు. విజయేందర్ వెనక గోడకున్న పార్టీ జెండా కూడా అచ్చం అదే.

"మన కార్యకర్తలు జెండాను భుజాన ఏసుకుంటరు. ఇది జెండాతోనే పుట్టింది. పేరు జ్వాల" అన్నాడు విజయేందర్.

కార్పొరేటర్ టికెట్ కోసం అదే పార్టీలోని నాగసాయి గుర్రమెక్కి ఊరేగిన వారానికే విజయేందర్‌లో ఈ జంతుప్రేమ పుట్టడం కేవలం యాదృచ్ఛికం. ఫొటోలు చూసిన పార్టీ అధినేత స్వయంగా ఫోన్ చేశాడు.

"విజయేందరూ, టికెట్ సంగతి నాకిడిచిపెట్టు. దసరా అయినంక కాప్రాల సభ ఉంది. స్టేజీ మీద నా పక్కన ఉండాలె."

"నేనా సార్?"

"పాము."

పాము పెంపకంలో దార్శనికత విజయేందర్‌ది. తిండి, నీళ్లు, వెచ్చదనం, శుభ్రత లాంటి చిల్లర పనులు భార్య అనుపమవి. మొదట్లో ఆమె పాము గది గుమ్మం దాటేది కాదు. కానీ పాము ఎలుకపిల్లల్ని ముట్టడం లేదు. చూస్తూ చూస్తూ ఒక ప్రాణిని మాడ్చలేక నేరేడ్‌మెట్‌లోని పశువైద్యురాలు యోగితకు ఫోన్ చేసింది. ఈ జాతి పిల్లల్లో కొన్ని, బల్లుల్ని తప్ప ఇంకేమీ తినవని డాక్టర్ చెప్పింది.

విజయేందర్ వెంటనే 'ఇంటింటికీ ప్రజాజ్వాల' కార్యక్రమం షురూ చేశాడు. ఓట్లప్పుడు తప్ప గడప తొక్కని కార్యకర్తలు ప్రతి తలుపూ కొట్టారు.

"అక్కా, మీ ఇంట్ల ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?"

"నల్లా వస్తలేదు తమ్మీ."

"అది కాదక్కా, బల్లులు."

జ్వాల తిన్నది. అది మొదటి బల్లిని మింగిన రోజు అనుపమ కూడా కడుపు నిండా తిన్నది. పెట్టెలో పరిచిన కొబ్బరి పీచు తడపడం, వేడి చూసుకోవడం ఆమెకు అలవాటైంది. పొద్దుగూకే వేళ పాము పీచు కిందనుంచి మెల్లగా బయటికొచ్చి ఆమె అరచేతిలో గదుమ ఆనించేది. చెయ్యి తిమ్మిరెక్కినా ఆమె కదిపేది కాదు. ఆ ఇంట్లో ఉపన్యాసమివ్వకుండా ఆమె దగ్గర అంతసేపు ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

అయితే కుబుసం విడిచిన ప్రతిసారీ దాని నారింజ కాస్త దిగిపోతూ వచ్చింది. వానలు వెనకపట్టేసరికి పూర్తిగా మట్టిరంగు.

"ఏందిది?" అన్నాడు విజయేందర్, పెట్టెలోకి చూసి. "నీళ్లు పోసినవా?"

"పోసిన."

"సబ్బు పెట్టినవా?"

అనుపమ డాక్టర్‌కు ఫోన్ కలిపింది. విజయేందర్ పరేషాన్‌కు కారణముంది. మట్టిరంగు మీద నల్ల పట్టీలంటే ప్రతిపక్షమైన 'మన మట్టి' పార్టీ జెండా. పట్టీల విషయంలో మాత్రం రెండు పార్టీలకూ మొదటినుంచీ ఏకాభిప్రాయమే.

డాక్టర్ యోగిత వచ్చి పామును అటూ ఇటూ తిప్పి చూసింది. "జబ్బేం లేదండి. ఈ జాతి అంతే. పిల్లప్పుడు నారింజ, పెద్దయ్యాక గోధుమ. చక్కగా పెరుగుతోంది."

"దీనికి మందు లేదా మేడమ్?"

"పెరగడానికి మందుండదండి."

సభకు ముందురోజు విజయేందర్ గోడల మీద పార్టీ జెండాలు వేసే తుకారాంను పిలిపించాడు. తుకారాం నారింజ రంగు డబ్బాతో వచ్చాడు. అనుపమ గదికి అడ్డంగా నిలబడింది.

"రంగు పూస్తే అది చస్తది. పూయాలంటే ముందు నాకు పూయుండ్రి."

తుకారాం విజయేందర్ వైపు చూశాడు. విజయేందర్ ఒక్క క్షణం నిజంగానే ఆలోచించి, కార్యక్రమాన్ని వాయిదా వేశాడు.

కాప్రా సభలో పెట్టె మీద పట్టుగుడ్డ కప్పి తెచ్చాడు. గుడ్డ తీయకుండానే గట్టెక్కుదామనుకున్నాడు. అధినేత మైకు వదిలి, తనే వచ్చి లాగేశాడు. మైదానమంతా నిశ్శబ్దం. ఆ పార్టీ సభల్లో అంత క్రమశిక్షణ ఎన్నడూ చూడలేదని బందోబస్తు పోలీసులు తర్వాత మెచ్చుకున్నారు.

"మట్టోళ్లతోటి ఎప్పటి సంది టచ్‌ల ఉన్నవ్?" అన్నాడు అధినేత.

"నేను లేను సార్! పాము దానంతటదే మారింది!"

"ఇంట్ల పామునే ఆపలేనోనివి, డివిజన్‌ల కార్యకర్తలనేం ఆపుతవ్?"

పార్టీ వ్యతిరేక కార్యకలాపాల కింద సాయంత్రానికి ఇద్దరినీ సస్పెండ్ చేశారు. ప్రకటనలో జ్వాల పేరే ముందుంది.

మర్నాడు పొద్దున్నే మట్టి పార్టీ నగర కన్వీనర్ వెంకటేశ్వర్లు ఫోన్ చేశాడు. "విజయేందర్ గారూ, మీ పాము మా పార్టీలోకి వచ్చేసిందట కదండీ. పెద్ద మనసు చేసుకుని మీరు కూడా వచ్చేయండి."

వచ్చేశాడు. "నేను పార్టీ మారలే. నా లోపలి రంగు మొదటి సంది గిదే" అని కొత్త కండువాతో కన్నీళ్లు ఒత్తుకున్నాడు. పాము పేరును అక్కడికక్కడే మృత్తికగా మార్చారు. డప్పుల మోతకు అది పీచు అడుగుకు దూరి బిగుసుకుపోయింది. ఇంటికొచ్చి రెండు పూటలైనా బయటికి రాలేదు.

"ఇగ దీన్ని మందిలకు తీస్కపోనియ్య" అన్నది అనుపమ.

మట్టిరంగు కండువా ఇంకా ఉతుక్కి కూడా వెయ్యలేదు, రాష్ట్ర విశాల ప్రయోజనాల దృష్ట్యా మన మట్టి పార్టీ ప్రజాజ్వాలలో విలీనమైంది. విలీన సభకు అందరూ నారింజ కండువాలతో రావాలని ఆదేశం. పాత అధినేతే మళ్లీ ఫోన్ చేశాడు. "అయిందేందో అయింది. పామును పట్టుకురా. అది మన రంగుల కలిసిందని జనం జూడాలె. టికెట్ నీదే."

విజయేందర్ డాక్టర్‌కు ఫోన్ కొట్టాడు. "మేడమ్, మళ్ల నారింజ అయితదా?"

"కాదండి. ఒకసారి మారితే అంతే."

"మళ్లీ మారుడు గంత కష్టమా?"

"మనుషుల సంగతి నాకు తెలీదండి."

అనుపమ అప్పటికే పామును పెద్ద పెట్టెలోకి మార్చి, గదికి తాళమేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"టికెట్ పోతదే!" అన్నాడు విజయేందర్.

"పోనియ్. అది నీ టికెట్ కోసం పుట్టలే."

ఆమె గొంతు పెంచలేదు. విజయేందర్ తాళం ఒకసారి లాగి చూశాడు. చివరికి వరండా మూలనున్న పాత గాజు పెట్టె ఎత్తుకుని సభకు పోయాడు. అందులో తడి పీచు తప్ప ఏమీ లేదు.

వేదిక మీద అధినేత వంగి పెట్టెలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. అధినేత నిటారుగా లేచి మైకు అందుకున్నాడు.

"చూసిన్రా! గిదీ మన రంగంటే!"

మైదానం చప్పట్లతో మోగిపోయింది. నాయకులు వరస కట్టి ఒక్కొక్కరే వంగి చూశారు. వెంకటేశ్వర్లు, "అప్పటికంటే మెరుపెక్కిందండీ" అన్నాడు. నాగసాయి సెల్ఫీ దిగి, "మస్తు పెరిగిందన్నా" అని అసూయపడ్డాడు. టికెట్ ప్రకటన అక్కడే జరిగింది.

దండలు మోస్తూ కిందికి దిగబోయే ముందు విజయేందర్ కూడా ఒకసారి వంగి పెట్టెలోకి చూశాడు. అటూ ఇటూ చూసి, ఎందుకైనా మంచిదని దండం పెట్టాడు.