ఇద్దరికి సరిపడా

గురువారం పొద్దున్న అయిదింటికి బయల్దేరి, పదకొండుకల్లా బోట్స్వానా సరిహద్దు దాటి, మర్నాడు సాయంత్రానికి ఉప్పు మైదానాల అంచున బండి ఆపి, రెండు కుర్చీలు వేసుకొని కూర్చోవాలని ఒట్సిలె మొదిసానె పథకం. రెండంటే రెండే కుర్చీలు. బండిలో మూడోది ఉందంటే దాన్ని వెతుక్కుంటూ మూడో మనిషి ఎక్కడినుంచో వచ్చి తీరతాడని అతని అనుభవం.

అతను దక్షిణాఫ్రికాలోని క్లెర్క్స్‌డార్ప్‌లో ముప్పయ్యొక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. పగలంతా వీపు వెనక అరవైమంది. ఇంటికొస్తే వాకిట్లో మరో అరవైమంది. భార్య సెగమెత్సి చర్చి మహిళా సంఘంలో వంటల పెద్ద కావడంతో పేటలో ఎవరింట్లో పెళ్ళయినా, చావయినా పొయ్యి వెలిగేది వీళ్ళ వాకిట్లోనే. మూడొందలమందికి వండమంటే ఆమె కబుర్లు చెబుతూనే ఉప్పు సరిగ్గా వేసేస్తుంది. ఇద్దరికి వండమంటే మాత్రం గరిటె పట్టుకొని దిక్కులు చూస్తుంది.

ఒట్సిలె ఒక పాత రొట్టెల వ్యాను కొని, సెలవు రోజుల్లో రెండేళ్ళు కష్టపడి, లోపల మంచం, గ్యాసు పొయ్యి, సింకు, బట్టల అలమరా బిగించి మోటర్‌హోమ్‌గా మార్చాడు. పేటలో దాన్ని ఇప్పటికీ రొట్టెల బండే అంటారు. అద్దాలు తుడుస్తుంటే కొందరు వచ్చి రెండు రొట్టెలిమ్మని అడుగుతారు.

ప్రయాణానికి వారం ముందు అతను భార్యతో తిండి విషయం తేల్చేశాడు. మనం ఇద్దరం, వెళ్ళేది రెండు వారాలకు, ఇద్దరికి సరిపడానే సర్దు అన్నాడు. ఆమె సరేనంది. ఆ సరే అన్నది ఎంత తేలిగ్గా వచ్చిందంటే అతనికి భయం వేసింది. అందుకే ఆమెకు చెప్పకుండా మాంసం దుకాణానికి ఫోన్ చేసి, మా ఆవిడ ప్రయాణానికి అయిదు చాలు, ఆమె పేరే రాసుకో, అంతకు మించి అడిగినా ఇవ్వొద్దు అని గట్టిగా చెప్పాడు. అతను అన్నది అయిదు కిలోలు. కానీ దుకాణం ఖాతా పుస్తకంలో సెగమెత్సి పేరున్న పేజీలో ఇరవై ఏళ్ళుగా కిలోల లెక్కే లేదు, ఉన్నవన్నీ ట్రేలే. ట్రేకి పది కిలోలు. దుకాణదారు అయిదు అని రాసుకొని, ఈసారి తక్కువే చెప్పిందే అనుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఒట్సిలె స్టెప్నీలో గాలి చూపించడానికి చక్రాల దుకాణానికి నడిచి వెళ్ళాడు, దాన్ని దొర్లించుకుంటూ. అదే సమయంలో అయిదు ట్రేల గొడ్డుమాంసం వచ్చింది. సెగమెత్సి తెల్లబోయింది. తను తెప్పించలేదు. ఎవరు చెప్పారని అడిగితే, తెచ్చినవాళ్ళు మీ ఆయనే స్వయంగా ఫోన్ చేశాడన్నారు. ఆమె వాకిట్లో స్టూలు మీద కూర్చుండిపోయింది. జనం, జనం అని ముప్పయి నాలుగేళ్ళు సణిగిన మనిషి, పోయేచోట నలుగురికి పెట్టందే నా చేతులు ఊరుకోవని తెలుసుకొని, తనకు నచ్చకపోయినా యాభై కిలోలు తెప్పించాడు. ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ సంతోషంలో తన వంతుగా ఇంట్లో ఉన్న ఇంకో ట్రే జోడించింది. సంగతి విన్న చెల్లెలు ఒక బకెట్ నిండా శుభ్రం చేసిన బోటి తెచ్చి, బావగారి మంచి మనసు గురించి పేటంతా చెప్పడానికి వెళ్ళిపోయింది.

ఒట్సిలె తిరిగొచ్చేసరికి మంచం కింద నాలుగు పెద్ద ఐసు పెట్టెలున్నాయి. అవేమిటని అడిగాడు.

"నీకు తెలీనట్టే అడుగుతున్నావే," అని ఆమె నవ్వి, అతని చెంప మీద చెయ్యి వేసింది.

అంత ముద్దుగా ఆమె నవ్వి చాలాకాలమైంది. వచ్చే ఆదివారం తనకు అరవై నిండుతాయి. పుట్టినరోజు కానుకలు దాచిందన్నమాట అనుకొని ఒట్సిలె కూడా తెలిసినట్టే నవ్వి ఊరుకున్నాడు.

పొద్దున్న బండి మెయిన్ రోడ్డెక్కగానే వెనకభాగం బరువుగా ఊగడం మొదలైంది. అతను రెండుసార్లు దిగి టైర్లు తన్ని చూశాడు. మలుపు తిరిగినప్పుడల్లా మంచం కింద ఏదో దొర్లుతున్న చప్పుడు. కానుకలు గట్టివే అనుకున్నాడు. సెగమెత్సి పక్క సీట్లో కూర్చొని కూనిరాగం తీస్తోంది. ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పలేదు, ఒకరి మంచితనాన్ని ఇంకొకరు పాడుచేయడం ఎందుకని.

సరిహద్దు గేటు చేరేసరికి పదకొండున్నర అయింది. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో రొట్టెల బండి. కంచె పక్కన ముగ్గురు ఆడవాళ్ళు డ్రైవర్లకు సంకటి అమ్ముతున్నారు. పశువైద్య శాఖ తనిఖీకి వచ్చిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. పెద్దాయనా, అమ్మా అంటూనే బండెక్కి, మంచం కింద మొదటి పెట్టె మూత తీసి, కాసేపు అలాగే చూసింది.

"ఇదంతా ఎవరిది?" అంది.

"మా ఆయనే తెప్పించాడమ్మా," అంది సెగమెత్సి గర్వంగా.

"నేనా?" అన్నాడు ఒట్సిలె. "నేను చెప్పింది అయిదు కిలోలు. అదీ నువ్వు ఊరికంతా కొనకుండా కట్టడి చేద్దామని."

ఆ మాట నోరు దాటాక గానీ అతను భార్య ముఖం చూడలేదు. చూశాక దాన్ని వెనక్కి తీసుకోవడానికి దారి దొరకలేదు. సెగమెత్సి పెట్టె మూత నెమ్మదిగా వేసి, పైట కొంగులాగా భుజాన వేసుకున్న దుప్పటి సర్దుకుంది.

పచ్చిమాంసం గేటు దాటదనీ, పశువుల జబ్బు భయమనీ, ఇక్కడే ఇచ్చేస్తే గోతిలో వేసి కాల్చేస్తారనీ ఆ అమ్మాయి వివరించింది. కాల్చడమన్న మాట వినగానే సెగమెత్సి తలెత్తింది.

"ఉడికిందయితే?"

"ఉడికిందానికి అభ్యంతరం లేదమ్మా. కానీ ఆరింటికి గేటు మూసేస్తాం."

"ఆరు చాలా దూరం," అని సెగమెత్సి బండి దిగింది.

బయల్దేరేముందు ఒట్సిలె ఒక్క చిన్న గిన్నెకే ఒప్పుకున్నాడు గనుక, ఆమె ఆ గిన్నెను బట్టల అలమరాలో పెట్టి, దాని పక్కన దుప్పటి చుట్టి మూడుకాళ్ళ ఇనపకుండ ఒకటి పెట్టుకొచ్చింది. అదొక్కటే చాలదు. సంకటి అమ్మే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, సంకటి మీది, మాంసం నాది, కలిపి పెడదామంది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకొని, ఇంకో నాలుగు కుండలు బయటికి తీశారు. తనిఖీ అమ్మాయి చూపించిన ఖాళీ జాగాలో పన్నెండున్నరకల్లా అయిదు పొయ్యిలు మండాయి.

ఒట్సిలె డ్రైవరు సీట్లో కూర్చొని స్టీరింగు మీద తల ఆన్చుకున్నాడు. కొంత కోపం, కొంత సిగ్గు. ఏది ఎంతో అతనికే తెలీదు.

ఉప్పు, నీళ్ళు తప్ప ఏమీ వేయకుండా గంటల తరబడి ఉడకేసి, కర్రతో దంచే ఆ మాంసం వాసన ఆ దేశాల్లో ఎవరికైనా తెలుసు. పెళ్ళయినా అయుండాలి, చావయినా అయుండాలి. సరిహద్దు గేటు దగ్గర పెళ్ళి ఎవరూ చేసుకోరు. కాబట్టి వరసలో మాట మూడో లారీ దాకా వెళ్ళేసరికి ఎవరో పోయారన్నారు. పదో లారీ దాకా వెళ్ళేసరికి పోయింది ఒక పెద్దాయనన్నారు. ఇరవయ్యో లారీ వాళ్ళు టోపీలు తీసి చేత్తో పట్టుకొని నడిచొచ్చారు. వాళ్ళకు కనపడింది స్టీరింగు మీద వాలిన తల. ఒకావిడ సన్నగా ప్రార్థన గీతం ఎత్తుకుంది. వెనకవాళ్ళు గొంతు కలిపారు.

టిరో అనే లారీ డ్రైవరు, పాతికేళ్ళవాడు, ధైర్యం చేసి కిటికీ దగ్గరికి వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే శవం తల ఎత్తింది. టిరో రెండడుగులు వెనక్కి వేసి, తమాయించుకొని, ఎవరు పోయారు పెదనాయనా అని అడిగాడు.

"నేనే," అన్నాడు ఒట్సిలె. "పొద్దున్న పదకొండున్నరకి. నోరు జారి."

టిరోకు కథంతా చెప్పాల్సివచ్చింది. చెబుతుంటే ఒట్సిలెకే వింతగా తోచింది. వెనక గీతం మూడో చరణంలో ఉండగా విషయం ఆ చివరిదాకా పాకి, పాట నవ్వుల్లో కలిసిపోయింది. చచ్చినవాడికి దండం పెట్టడానికి వచ్చినవాళ్ళు బతికినవాడికి చెయ్యి కలిపి, పొయ్యిల వైపు నడిచారు.

మూడు దాటాక వడ్డన మొదలైంది. నూటయాభైమంది తిన్నారేమో, ఎవరూ లెక్కపెట్టలేదు. కౌంటర్ల దగ్గర ఎవరూ లేకపోవడంతో గుమాస్తాలు బయటికొచ్చి చూశారు, చూసి వాళ్ళూ కాగితం పళ్ళేలు పట్టుకున్నారు. తనిఖీ అమ్మాయి మాత్రం డ్యూటీలో తినకూడదంది, కానీ ఉడికిందో లేదో చూడటం తన బాధ్యత గనుక రెండుసార్లు రుచి చూసింది. టిరో ఒక పళ్ళెం తెచ్చి కిటికీలోంచి అందించాడు. ఒట్సిలె ఆకలి లేదన్నాడు. ఆకలి దంచేస్తోంది. భార్య పెడితేనే తినాలని, ఆమె పిలిస్తేనే దిగాలని కూర్చున్నాడు. ఆమె ఇటు తిరిగి చూడలేదు.

చివరికి సిగ్గు విడిచి దిగి వెళ్ళేసరికి అయిదు కుండలూ కడిగి బోర్లించి ఉన్నాయి. ఆమె సంకటి ఆడవాళ్ళను కౌగిలించుకొని వీడ్కోలు చెబుతోంది.

తనిఖీ అమ్మాయి కాగితం తీసి, ప్రకటించాల్సిన ఆహార పదార్థాలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. తెచ్చుకున్న మిగతా సరుకులన్నీ సంకటి కుండల్లోకే పోగా, టీ పొడి ఉందంది సెగమెత్సి. లారీలవాళ్ళు పక్కకు జరిగి రొట్టెల బండికి దారిచ్చారు. ముద్ర పడింది. అయిదింటికి వాళ్ళు పరాయిదేశంలో ఉన్నారు.

పది కిలోమీటర్లు దాటారు. ఖాళీ పెట్టెలు మంచం కింద డబడబలాడుతున్నాయి. బండి తేలికగా, తన్నకుండానే పోతోంది. రోడ్డుకు రెండువైపులా ముళ్ళచెట్లు, అడ్డొచ్చే గాడిదలు, పెద్ద ఆకాశం. అతను ముప్పయ్యొక్క ఏళ్ళు కలగన్న ఖాళీ దారి అదే. దాన్ని చూడటానికి మనసు రావడంలేదు.

"ఆ అయిదు ట్రేలు నిజంగా నేనే చెప్పి ఉంటే బాగుండేది," అన్నాడు చివరికి.

"చెప్పలేదుగా."

"లేదు."

ఆమె అంది, "నిన్న రాత్రి ఒక్కపూటయినా అలాంటి మొగుణ్ణి చేసుకున్నానని నిద్రపోయాను. ఇంతకీ నువ్వు తిన్నావా?"

"లేదు. నువ్వు?"

ఆమె ఆలోచించింది. అంతమందికి పెడుతూ తను తినలేదని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అరవై కిలోల మాంసంతో బయల్దేరి, టీ పొడితో మిగిలారు. ముందు నవ్వింది ఆమే.

ఇంకో అయిదు కిలోమీటర్ల తర్వాత ఒక ఊరి మొదట్లో, వాళ్ళకంటే ముందే గేటు దాటిన టిరో లారీ పక్కకు ఆపి, రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. కిటికీ దగ్గరికొచ్చి, పెద్దమ్మా, నువ్వు తినడం నేను చూడలేదు, మా అమ్మకు ఫోన్‌లో చెప్పాను, మిమ్మల్నిద్దర్నీ భోజనానికి తీసుకురమ్మంది, కాదంటే నన్ను ఇంట్లోకి రానివ్వదు అన్నాడు.

టిరో తల్లి పొట్టిగా, గట్టిగా, ఎవరి మాటా వినని మనిషి. సెగమెత్సిని చాప మీద కూర్చోబెట్టి చేతులకు నీళ్ళు పోసింది. సెగమెత్సి గరిటె అందుకుందామని లేచింది. కూర్చోమంది. పొయ్యిలో కర్ర ఎగదోద్దామని లేచింది. భుజం పట్టి కూలేసింది. మూడోసారి లేవబోతే, "మా ఇంట్లో ఒక్కటే గరిటె, అది నా చేతిలో ఉంది," అంది.

వేడి సంకటి, ఎండబెట్టిన ఆకుకూర, పొగలు కక్కే కోడి పులుసు వచ్చాయి. సెగమెత్సి చేతులు కాసేపు ఒళ్ళో ఏం చేయాలో తెలియక ఊరికే ఉండి, తర్వాత పళ్ళెంలోకి వెళ్ళాయి. ముద్ద నోట్లో పెట్టుకొని, కాలితే ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంది. ఒట్సిలె తినడం ఆపి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో తన భార్య కూర్చొని, వేడిగా తినడం అతను చూసింది ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఆమె కుండ అడుగున మిగిలింది నిలబడి తినేది, అదీ జనమంతా వెళ్ళాక. తను తప్పించుకోవాలనుకున్న జనంలో ఆమె కూడా ఎన్నాళ్ళనుంచో కనపడకుండా పోయిందని అతనికి తట్టింది. తన పళ్ళెంలోని కోడికాలు తీసి ఆమె పళ్ళెంలో పెట్టాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగుందా?" అంది ఆమె. కానీ కాలు వెనక్కి ఇవ్వలేదు.

ఆదివారానికి ఎలాగైనా ఉప్పు మైదానాలు చేరాలి, తెల్లారి బయల్దేరతామని ఒట్సిలె చెప్పాడు. టిరో తల్లి అభ్యంతరం చెప్పలేదు. మీ కోసమని కొంచెమే వండాను, ఈ కుండ ఖాళీ అయ్యాక వెళ్దురుగాని అంది.

కుండ ఖాళీ అవడానికి మూడు రోజులు పట్టింది.