నలభై ఇళ్ళూ మనవే

ఆదివారం ఉదయం పదింటికల్లా తమ వీధిలోని నలభై ఇళ్ళూ తిరిగేసి, ఇంటికొచ్చి, కాళ్ళు బార్లా చాపుకుని పేపరు చదువుకోవాలన్నది బడి గుమాస్తా వేసుకున్న పథకం. పార్టీ ప్రచారానికి ఆయన తనంతట తానే పేరిచ్చారు. ఇరవయ్యేళ్ళుగా బడి వరండాలో రాజకీయాలు దంచుతుంటే, లెక్కల మాస్టారు ఓ రోజు "మాటలేనా, ఎప్పుడైనా గుమ్మం దిగారా?" అనేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. పైగా ఎన్నికల తర్వాత పార్టీ వార్డు కార్యదర్శి పదవి ఖాళీ అవుతుందని వినికిడి. ఆ పదవి మీద ఆయనకు లోలోపల చాలా ఆశ ఉంది.

వార్డు ఇన్‌ఛార్జి చేతికొక కాగితం ఇచ్చాడు. ఇంటికొక వరస, వరసకు మూడు గళ్ళు: మనవాళ్ళు, వాళ్ళవాళ్ళు, తేలనివాళ్ళు. ఎవరితోనూ వాదించొద్దని, చెప్పింది విని టిక్కు పెట్టి వచ్చేయమని చెప్పాడు.

వాదించకపోవడం గుమాస్తాకి వెన్నతో పెట్టిన విద్య. వరండాలో సింహమే గానీ, పరాయి గుమ్మం ముందు నోరు పెగలదు. మొదటి ఇంటివాళ్ళు కుర్చీ వేశారు. కుర్చీ వేసినవాళ్ళను "వాళ్ళవాళ్ళు" గడిలో పెట్టడానికి చేతులు రాలేదు. రెండో ఇంటివాళ్ళు మంచినీళ్ళిచ్చారు. మూడో ఇంటాయన పార్టీని చెడామడా తిట్టాడు గానీ, వెళ్ళేటప్పుడు "మెట్టు జారుతుంది, చూసుకోండి" అన్నాడు. అంత మంచివాడు మనవాడు కాకుండా ఎలా పోతాడు? అలా అన్ని టిక్కులూ మొదటి గడిలోనే పడ్డాయి. ముప్పై తొమ్మిదో ఇంటి టైలరమ్మ సాక్షాత్తూ ఎదుటి పార్టీ కార్యకర్త. ఫ్యాను గుమాస్తావైపు తిప్పినందుకు ఆమెకూ టిక్కు పడింది. నలభయ్యోది గుమాస్తా సొంత ఇల్లే. అక్కడ అడగాలన్న ఆలోచనే రాలేదు.

"నన్నడక్కుండానే పెట్టేశారా?" అంది భార్య.

"నువ్వు నా మాట కాదంటావా?"

"ఎప్పుడైనా అడిగితే కదా, కాదనడానికి."

కాగితం చూసి ఇన్‌ఛార్జి కళ్ళు చెదిరాయి. వీధి వీధంతా మనదేనని వెంటనే పైకి కబురు పెట్టాడు. సాయంత్రానికల్లా గుమాస్తా ఇంటికి పరుగున వచ్చాడు.

"వచ్చే ఆదివారం పదింటికి అభ్యర్థిగారే వస్తున్నారండీ. నలభై ఇళ్ళ మీదా మన జెండా ఉండాలి, ఫొటోలు తీస్తారు. ఇక కార్యదర్శి మీరే అనుకోండి."

ఉన్నమాట చెబితే పదవీ పోతుంది, పరువూ పోతుంది. గుమాస్తా జెండాల కట్ట చంకన పెట్టుకుని ముందుగా టైలరమ్మ దగ్గరికే వెళ్ళారు.

"అమ్మా, ఒక్క పూట మా జెండా కట్టుకో. నా పరువు నీ చేతిలో ఉంది."

టైలరమ్మ మిషను ఆపి, సొరుగులోంచి తన పార్టీ ఇచ్చిన కాగితం తీసింది. అవే మూడు గళ్ళు. మొదటి గడిలో అవే నలభై టిక్కులు. ఆఖరి వరసలో గుమాస్తా ఇల్లు.

"నేనెప్పుడన్నానమ్మా, మీవాణ్ణని?"

"మొన్న మీ వసారాలో అరగంట కూర్చుని చెప్పాను కదన్నయ్యా. 'నిజమేనమ్మా' అని మూడుసార్లన్నారు."

అన్నమాట వాస్తవమే. అంతకంటే ఇబ్బందైన సంగతి, ఆమె చెబుతున్నంతసేపూ ఆయనకది నిజమేననిపించింది. ఇరవయ్యేళ్ళు పెంచి పోషించిన సిద్ధాంతం అరగంటకే ఊగిపోయిందని తెలిసి గుమాస్తాకి సిగ్గేసింది.

"మా నాయకుడూ ఆదివారమే వస్తున్నారు, రెండింటికి. నాకూ నిద్ర పట్టట్లేదన్నయ్యా," అంది టైలరమ్మ.

ఇద్దరూ కూడబలుక్కున్నారు. ఒంటిగంట దాకా ఈయన జెండా, ఆ తర్వాత ఆమె జెండా. ఇంటింటికీ వెళ్ళి బతిమాలితే, పాపం ఇద్దరూ మంచివాళ్ళేనని వీధివాళ్ళు ఒప్పుకున్నారు.

ఆదివారం పదింటికి నలభై జెండాలూ రెపరెపలాడాయి. పదకొండయింది, పన్నెండయింది, అభ్యర్థి జాడ లేదు. ఒంటిగంట కాగానే, మాటంటే మాటే కాబట్టి, వీధివాళ్ళు జెండాలన్నీ మార్చేశారు. గుమాస్తా ఇంటి జెండాను ఆయన భార్యే నిచ్చెనెక్కి మార్చింది. ఒంటిగంటా పదికి అభ్యర్థి కారు వీధిలోకి తిరిగింది.

నలభై పరాయి జెండాల కింద ఇన్‌ఛార్జి ముఖం కందగడ్డలా అయింది. "ఏంటండీ ఇదంతా?" అని అభ్యర్థి చేతిలో ఉన్న ప్రచారం మైకునే గుమాస్తా ముందు పెట్టాడు. అది పనిచేస్తోందన్న సంగతి గుమాస్తా గమనించలేదు.

"తప్పంతా నాదేనండీ. ఎవర్నీ కాదనడం నాకు చేతకాదు. ఎవరు చెప్పినా సబబుగానే ఉంటుంది. నాకూ ఓ అభిప్రాయం ఉందనుకున్నానండీ. చూస్తే గొంతు మాత్రమే ఉంది."

వీధంతా విని చప్పట్లు కొట్టింది. అభ్యర్థి మైకు ఆపి, గుమాస్తా చెవి దగ్గరికి వంగాడు.

"నాదీ అదే బాధండీ. నిలబడమన్నారు. కాదనలేక నిలబడ్డాను."

కార్యదర్శి పదవి మరొకరికి వెళ్ళింది. పోలింగు రోజున గుమాస్తా బ్యాలెట్ కాగితం తీసుకుని అట్టల చాటుకి వెళ్ళారు. పది నిమిషాలైనా బయటికి రాలేదు. వెనక క్యూ పెరిగిపోతుంటే, అధికారి "ఏమైందండీ లోపల?" అని కేకేశాడు.

ఏమీ కాలేదు. తల ఊపడానికి ఎదురుగా ఎవరూ లేరు, అంతే.