జెలీరా ఉండాలా, వెళ్ళాలా?

మీ ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలాడుతుంటే తిట్టకండి. దిష్టి తీయండి. ఆడదాని మనసు అర్థం చేసుకోవడం ఎలాగో మగవాళ్ళకు నేర్పే కాలేజీ ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. ఆ పని ఇప్పుడు వీడియో గేమ్ చేస్తోంది. అదీ ఇంటికే వచ్చి!

ఊరికే చెప్పడం లేదు. నా పేరు కుమారి. పుట్టింది చీపురుపల్లిలో, పద్నాలుగేళ్ళుగా కాపురం సికింద్రాబాద్ తిరుమలగిరిలో, ఉద్యోగం ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో. మా ఆయన రాఘవేందర్ ఐదు నెలలుగా ఒక రాజ్యాన్ని కాపాడుతున్నారు. కత్తి ఉంది, డాలు ఉంది, గుర్రం ఉంది. పక్కన తోడుగా బాణాలు వేసే అమ్మాయి ఒకతె ఉంది. పేరు జెలీరా. చెవులు కాస్త మొనదేలి ఉంటాయి గానీ, మనిషి లక్షణంగానే ఉంటుంది.

జెలీరా మా ఆయన వెంట అడవులన్నీ తిరుగుతుంది. రాక్షసులతో పోట్లాడుతుంది. ఆయనకు దెబ్బ తగిలితే కట్టు కడుతుంది. మధ్యమధ్య ఆగి ఏదో ఒకటి అడుగుతుంది. ఆమె అడగ్గానే ఆట మొత్తం ఆగిపోతుంది. తెర మీద మూడు జవాబులు వస్తాయి. ఏది నొక్కారన్న దాన్నిబట్టి ఆమె మనసు మారుతుంది. ఎంత మారిందో పైన మూలన చిన్న గుండె బొమ్మలో కనిపిస్తుంది. చివరికి ఆమె తోడుగా ఉండిపోతుందా, విడిచి వెళ్తుందా, చచ్చిపోతుందా అన్నది ఈ జవాబులను బట్టే తేలుతుంది. ఎంత సదుపాయం! పెళ్ళాలకు అలాంటి గుండె బొమ్మ పెట్టడం బ్రహ్మ మరిచిపోయాడు. అందులో మొగుళ్ళ తప్పేముంది?

ఈ ఆటతో మా ఆయనలో ఎంత మార్పు వచ్చిందో చెప్తే నమ్మరు. కూర ఎలా ఉందని నేనడిగితే పద్నాలుగేళ్ళుగా "ఊఁ" అంటున్నారు. ఇప్పటికీ ఊఁ అనే అంటారు, అది వేరే సంగతి. కానీ "ఈ వాన నీకు ఇష్టమేనా?" అని జెలీరా అడిగితే మాత్రం మూడు జవాబులూ రెండేసి సార్లు చదువుతారు. లేచి మంచినీళ్ళు తాగుతారు. అప్పటికీ తేలకపోతే బొల్లారంలో ఉన్న స్నేహితుడు హరికిషన్‌కు ఫోన్ చేస్తారు. హరికిషన్ ఇదే ఆట ఆడి, తొందరపడి జవాబు నొక్కి, తన జెలీరాను పోగొట్టుకున్న అనుభవజ్ఞుడు.

"ఆమె వాన గురించి అడుగుతలేదు భాయ్. వాళ్ళ నాయన యాదికొచ్చిండు ఆమెకు. జెర సోంచాయించి నొక్కాలె," అని మా ఆయన ఫోన్‌లో చెప్తుంటే వంటింట్లో గరిటె పట్టుకుని విన్నాను. మాట వెనక మాట వినడం మా ఆయనకు ఇంత బాగా వచ్చని నాకు ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు.

ఇక భక్తి, ఆచారం కూడా పెరిగాయి. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా ఆయన ఎర్రటి కళ్ళతో గదిలోంచి బయటికి వచ్చారు. మా అత్తగారు లచ్చమ్మ దేవుడి దగ్గర వత్తులు చేసుకుంటోంది.

"సచ్చిపోయిందమ్మా. నా తప్పే," అన్నారు.

"ఎవల్రా?"

"జెలీరా. నాలుగు నెలల సంది నా ఎంబడే ఉన్నది."

నాలుగు నెలల నుంచి కొడుకు వెంట ఉన్న ఆ ఆడమనిషి ఎవరని మా అత్తగారు అడగలేదు. ఆమెకు ముందు మైల సంగతి గుర్తొచ్చింది. స్టవ్ ఆపించింది. సగం ఉడికిన గోంగూర పారబోయించింది. ఇంటిల్లిపాదినీ తలస్నానానికి తోలింది. నేను తడి జుట్టుతో బయటికి వచ్చేసరికి మా ఆయన వెలిగిపోతున్న మొహంతో నిలబడి ఉన్నారు. ఆటలో అంతకుముందు దాచిపెట్టుకున్న పాత సేవ్ తెరిచారట, జెలీరా మళ్ళీ బతికిందట. మా అత్తగారు పరేషాన్ అయిపోయింది. "సచ్చినామె బతికొస్తే మైల ఉంటదా, పోతదా?" అని గుడి పూజారికి ఫోన్ చేసి అడిగింది. చూసి చెప్తానన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఇలాంటి మనిషి దొరకడం నా అదృష్టం కాదూ?

ఆ అదృష్టం విలువ మొన్న సోమవారం ఇంకా బాగా తెలిసింది. ఆ రోజు నాకు ప్రమోషన్ ఆర్డర్ వచ్చింది. నిర్మల్‌లో బ్రాంచి మేనేజర్. శుక్రవారం లోపల ఒప్పుకుంటున్నానో లేదో రాసివ్వాలి. వద్దంటే మళ్ళీ మూడేళ్ళ దాకా నా పేరు లిస్టులోకి రాదు. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని, నా కింద పని నేర్చుకున్న వాళ్ళు నా మీద ఆఫీసర్లు కావడం చూశాను. వెళ్ళాలని ఉంది. ఇల్లు విడిచి అంత దూరం ఉండాలంటే భయంగానూ ఉంది.

సరిగ్గా అదే సోమవారం జెలీరాకు కూడా కబురు వచ్చింది. ఉత్తరాన వాళ్ళ కోటకు సేనాపతి కావాలట. వెళ్ళాలా, మా ఆయనతోనే ఉండిపోవాలా చెప్పమని అడిగింది. మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకు ఒకే వారంలో ఒకే చిక్కు!

నేను సోమవారం సాయంత్రమే గది గుమ్మంలో నిలబడి విషయం చెప్పాను. ఆయన చెవుల మీద హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించారు. ఆ నిమిషం ఇంకా నడుస్తోంది. మంగళవారం అన్నాల దగ్గర చెప్పాను. "నిర్మల్ల బొమ్మలు మంచిగుంటయ్," అన్నారు. బుధవారానికి నాకు బుద్ధొచ్చింది. ఆయనకు అలవాటైన పద్ధతిలోనే అడుగుదామని కాగితం మీద మూడు జవాబులు రాశాను. ఒకటి, వెళ్ళు, ఇల్లు నేను చూసుకుంటా. రెండు, వద్దు, ఉండిపో. మూడు, కూర్చుని మాట్లాడుకుందాం. కాగితాన్ని కీబోర్డు పక్కన పెట్టాను. దాని మీద టీ కప్పు పెట్టుకున్నారు. టేబుల్ మీద మరక పడకూడదన్న ఇంగితం కూడా ఆ ఆటే నేర్పి ఉంటుంది.

గురువారం సాయంత్రం ఆయన గదిలోంచి మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. నాలుగు రోజులు ఆలోచించిన మొహం. నా సంగతే తేల్చారనుకున్నాను.

"పొమ్మన్న," అన్నారు.

"ఎవర్ని?"

"జెలీరాను. ఆపితే నాతోనే ఉంటుండె. గుండె బొమ్మ సుత నిండుతుండె. కానీ గామె కోరిక గామెకు ఉంటది కద కుమారీ. మనకు తక్లీఫ్ అయితదని ఇంకొకల్లను ఆపుడు మంచిది కాదు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఇంత గొప్ప మాట మా ఆయన నోట వినాలంటే నాకు చెవులు ఇంకాస్త మొనదేలి ఉండాల్సిందన్నమాట.

శుక్రవారం ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టేశాను. సాయంత్రం ఇంటికి వచ్చి, సోమవారం నిర్మల్‌లో చేరాలని ఆయన ఎదురుగా నిలబడి చెప్పాను. జెలీరా వెళ్ళిపోయింది కాబట్టి చెవులు ఖాళీగా ఉన్నాయి. ఈసారి విన్నారు.

"అదేందీ! ఒక్క మాట సుత అడగకుండ ఎట్ల సంతకం పెడ్తవ్?" అన్నారు. ఆ వెంటనే, "అమ్మకు పొద్దుగాల టిఫిన్ ఎవరు చెయ్యాలె?" అన్నారు.

పద్నాలుగేళ్ళకు మా ఆయన నా గురించి ఆలోచించి అడిగిన ప్రశ్న ఇది. జవాబు మా అత్తగారు చెప్పింది.

"నీకు చేతుల్లేవారా? గా చెవుల పిల్ల కోసం ఐదు నెలలు కూసున్నవ్. నా కోసం పొయ్యి కాడ పది నిమిషాలు నిలబడు. రవ్వ పెద్ద డబ్బల ఉన్నది."

సోమవారం తెల్లారి జేబీఎస్ బస్‌స్టేషన్‌లో బస్సెక్కాను. ఆయన బ్యాగు తెచ్చి సీటు కింద సర్దారు. పైకి లేచి ఏదో అనబోయి, "నీళ్ళ బాటిల్ ఉన్నది కద," అన్నారు. బస్సు తూప్రాన్ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఏమైందమ్మా అని పక్క సీటావిడ అడిగింది. మొనదేలిన చెవులున్న ఒక పిల్లను చూసి కుళ్ళుకుంటున్నానని ఆమెకెలా చెప్పను? ఆ పిల్ల కోరికేమిటో నాలుగు రోజులు కూర్చుని ఆలోచించారు. నన్ను ఒక్కసారి అడిగి ఉంటే చాలు. అడిగినా వెళ్ళేదాన్నే. కాకపోతే నవ్వుతూ వెళ్ళేదాన్ని.